డిస్కుల యుద్ధంలో అన్నీ ఆడే ప్లేయర్

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు చాలా ఇళ్లలో బీరువా పైఅరలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో బాబాయి పెళ్లి సీడీలు, అక్క ఓణీల ఫంక్షన్ డీవీడీ, అన్నిటికన్నా అడుగున అమ్మానాన్నల పెళ్లి వీడియో క్యాసెట్. ఇప్పుడు వాటిని చూద్దామంటే ఇంట్లో ప్లేయర్ ఉండదు. మన కొత్త ల్యాప్‌టాప్‌లకైతే డిస్కు పెట్టే చోటే లేదు.

ఒకే పెళ్లి వేడుకకి ఇన్ని రకాల డిస్కులు, క్యాసెట్లు ఎందుకొచ్చాయి? ఆ రోజుల్లో మనవాళ్లు ఏ ప్లేయర్ కొనాలో ఎలా తేల్చుకున్నారు? ఇందులో ఎలక్ట్రానిక్స్ ఎంత ఉందో, వ్యాపారమూ అంతే ఉంది. వరసగా చూద్దాం.

బొమ్మ బాగున్నది ఓడిపోయింది

ఒకే పని చేసే రెండు పద్ధతులు ఒకేసారి మార్కెట్లోకి వచ్చి, ఒకదాని డిస్కు ఇంకోదాని ప్లేయర్‌లో ఆడకపోతే దాన్ని ఫార్మాట్ యుద్ధం అంటారు. 1975లో సోనీ బీటామ్యాక్స్ తెచ్చింది. 1976లో జేవీసీ వీహెచ్ఎస్ తెచ్చింది. బీటామ్యాక్స్ బొమ్మ కాస్త నయం అని పేరు. కానీ దాని మొదటి క్యాసెట్‌లో గంటే పట్టేది, వీహెచ్ఎస్‌లో రెండు గంటలు పట్టేది. పైగా జేవీసీ తన పద్ధతిని వేరే కంపెనీలకి ధారాళంగా ఇచ్చింది. తయారుచేసేవాళ్లు ఎక్కువైతే ధర తగ్గుతుంది, ధర తగ్గితే కొనేవాళ్లు పెరుగుతారు, కొన్నవాళ్లు పెరిగితే అద్దె షాపులో ఆ రకం క్యాసెట్లే నిండుతాయి. మనం నెట్‌వర్క్ ఎఫెక్ట్ అని చదువుకునేది ఇదే.

పండక్కో పెళ్లికో టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చి, వీధిలో పెట్టి రాత్రంతా మూడు సినిమాలు వేసిన ఊళ్లు మనవి. అక్కడ బొమ్మలో గీతలు ఎన్ని అని ఎవరూ అడగలేదు. షాపులో ఏ క్యాసెట్ దొరుకుతుంది అన్నదే ప్రశ్న.

వీసీడీయా, డీవీడీయా?

మన మధ్యతరగతి ఇళ్లలో నిజంగా తేల్చుకోవాల్సి వచ్చిన పోటీ ఇది. వీసీడీ ప్రమాణం 1993లో వచ్చింది. మామూలు సీడీ మీదే ఎంపెగ్-1 పద్ధతిలో వీడియో కుదించి పెట్టడం దాని పని. మన పాల్ పద్ధతి టీవీకి దాని బొమ్మ 352×288 పిక్సెళ్లు. ఒక డిస్కులో 74 నిమిషాలు. రెండు గంటల నలభై నిమిషాల తెలుగు సినిమా అంటే 160 నిమిషాలు. 160ని 74తో భాగించి చూడండి, రెండు డిస్కులు చాలవు. అందుకే ఇంటర్వెల్ కాకుండానే లేచి డిస్కు మార్చాల్సి వచ్చేది.

డీవీడీ ప్లేయర్లు 1996 నవంబరులో జపాన్‌లో మొదట అమ్మకానికొచ్చాయి. అసలు అక్కడా యుద్ధం జరగాల్సిందే. సోనీ, ఫిలిప్స్ ఒకవైపు, తోషిబా బృందం ఇంకోవైపు వేర్వేరు డిస్కులు తయారుచేశాయి. కంప్యూటర్ కంపెనీలు గట్టిగా పట్టుబట్టడంతో 1995లో రాజీ కుదిరి ఒకే డీవీడీ వచ్చింది. ఒక పొరలో 4.7 జీబీ, బొమ్మ 720×576. పిక్సెళ్లు లెక్కేస్తే వీసీడీకి నాలుగు రెట్లు. సినిమా మొత్తం ఒకే డిస్కులో.

మరి అందరూ వెంటనే డీవీడీ ఎందుకు కొనలేదు? మొదట్లో ప్లేయరూ ఖరీదే, డిస్కూ ఖరీదే. పక్కింటివాళ్ల దగ్గరా, అద్దె షాపులోనూ ఉన్నవి వీసీడీలు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. డీవీడీ ప్లేయర్ వీసీడీని కూడా ఆడిస్తుంది, వీసీడీ ప్లేయర్ మాత్రం డీవీడీని చదవలేదు. ఎంపెగ్-2 డీకోడర్‌కి ఎంపెగ్-1 కూడా అర్థమవుతుంది. అయితే లేజర్ సంగతి వేరు. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ కావాలి, సీడీకి 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కావాలి. స్టూడియోలో రైట్ చేసిన సీడీలోని రంగు పొర ఎర్ర లేజర్‌కి సరిగ్గా కనిపించదు. అందుకే రెండు లేజర్లూ లేని తొలితరం డీవీడీ ప్లేయర్లలో కొన్ని పెళ్లి సీడీని చూసి "నో డిస్క్" అనేవి. రెండు లేజర్లున్న ప్లేయర్లు చవకయ్యాక వీసీడీ ప్లేయర్ కొనడానికి కారణమే లేకపోయింది.

డిస్కు ధర కూడా దారి ఇచ్చింది. ఖాళీ డిస్కులు తయారుచేసే మోజర్ బేర్ కంపెనీ 2007లో సినిమాల వ్యాపారంలోకి దిగి వీసీడీని 28 రూపాయలకి, డీవీడీని 34 రూపాయలకి అమ్మింది. తేడా ఆరు రూపాయలు. ఆ ఆరు రూపాయలకి నాలుగు రెట్ల బొమ్మ వస్తుంటే ఇంక బేరం ఏముంది?

గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టె

కోనసీమలో కువైట్‌కో దుబాయ్‌కో మస్కట్‌కో వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. సెలవుకి వస్తూ ప్లేయర్ తెచ్చేవాళ్లు. అక్కడే ఒక చిక్కు. డీవీడీలకి ప్రాంతాల కోడ్లు పెట్టారు. అమెరికా 1, గల్ఫ్ దేశాలు 2, మన దేశం 5. కోడ్ 5 ఉన్న డిస్కుని గల్ఫ్ ప్లేయర్‌లో పెడితే "రీజియన్ ఎర్రర్" అని తిప్పికొడుతుంది. కోడ్ పెట్టని డిస్కు అయితే ఎక్కడైనా ఆడుతుంది. కొన్ని మోడళ్లలో రిమోట్ మీద ఫలానా అంకెలు నొక్కితే ఆ తాళం పోయేది. అందుకే షాపులో మనవాళ్లు అడిగే మాట ఒకటే: "అన్నీ ఆడతాయాండీ?" "ఆయ్, అన్నీ ఆడతాయండి" అంటే బిల్లు రాయించేసేవాళ్లు.

మన దాకా రాని పెద్ద యుద్ధం

2006లో హెచ్‌డీ డీవీడీ, బ్లూ-రే కొన్ని నెలల తేడాలో బయటికొచ్చాయి. మొదటిది తోషిబాది, రెండోదాని వెనక సోనీ బృందం. రెండింటికీ 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజరే. అయినా ఒక పొరలో హెచ్‌డీ డీవీడీకి 15 జీబీ, బ్లూ-రేకి 25 జీబీ. ఎందుకు?

లేజర్ చుక్క సైజు తరంగదైర్ఘ్యాన్ని న్యూమరికల్ అపర్చర్‌తో భాగించిన దాన్ని బట్టి ఉంటుంది. హెచ్‌డీ డీవీడీ లెన్సుకి అది 0.65, బ్లూ-రేకి 0.85. భాగిస్తే 623, 476 వస్తాయి. ఈ రెండింటి నిష్పత్తిని వర్గం చేస్తే సుమారు 1.7. పాతికని పదిహేనుతో భాగించినా దాదాపు అంతే. మన ఫిజిక్స్ ల్యాబ్ సూత్రం కంపెనీల బలాబలాలు చెప్పేసింది! కాకపోతే అంత పెద్ద అపర్చర్‌కి డిస్కు పైపొర 0.1 మిల్లీమీటరే ఉండాలి, కాబట్టి ఫ్యాక్టరీ మార్చాలి. హెచ్‌డీ డీవీడీ పొర డీవీడీలాగే 0.6 మిల్లీమీటర్లు, పాత యంత్రాలే కొద్ది మార్పులతో సరిపోతాయి. అందుకే అది చవక.

తీర్పు మాత్రం లేజర్ ఇవ్వలేదు. ప్లేస్టేషన్ 3 కొన్న ప్రతివాడి ఇంట్లోకీ బ్లూ-రే ప్లేయర్ వెళ్లిపోయింది. 2008 జనవరి 4న వార్నర్ సంస్థ ఇక బ్లూ-రే ఒక్కటే అని ప్రకటించింది. ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. రెండేళ్లు కూడా నిండకుండా ఒక ఫార్మాట్ పోయింది, దాన్ని కొన్నవాళ్లకి పెట్టె మిగిలింది.

ఆ రెండేళ్లూ మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి పిక్చర్ ట్యూబ్ టీవీలు. వాటిలో 1920×1080 బొమ్మ పెట్టినా కనిపించే తేడా ఏమీ ఉండదు. యూఎస్‌బీ ఉన్న చవక డీవీడీ ప్లేయర్ కొన్న ఇల్లు ఏమీ పోగొట్టుకోలేదు.

అయితే ఎలా ఎంచుకోవాలి?

ప్లేయరే కాదు, రేపు ఏ వస్తువుకి ఇలాంటి పోటీ వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. నా పాత సరుకు దీంట్లో ఆడుతుందా? మా ఊళ్లో కొత్త సరుకు దొరుకుతుందా? దీన్ని తయారుచేసేది ఒక్క కంపెనీయేనా, పదిమందా? బొమ్మ నాణ్యత ఆ తర్వాతి ప్రశ్న. ఎటూ తేలకపోతే ఆగడం కూడా మంచి నిర్ణయమే.

ఇక ఆ ప్లాస్టిక్ కవరు సంగతి. సినిమా ఏ ఫార్మాట్‌లో పోయినా ఇంకో ఫార్మాట్‌లో మళ్లీ వస్తుంది. పెళ్లి వీడియో రాదు. అందులో నవ్వుతూ కనిపించే తాతయ్య, నాయనమ్మ ఇంకెక్కడా ఉండరు. రైట్ చేసిన డిస్కులోని రంగు పొర వేడికి, ఎండకి పాడవుతుంది. మన తేమకి క్యాసెట్ టేపు బూజు పడుతుంది. ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. రైట్ చేసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఆడించే పెట్టెలు తగ్గుతూనే ఉంటాయి.

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఒక యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ పట్టుకెళ్లండి, నలుగురు కలిసి ఒకటి కొన్నా చాలు. వీసీడీలో "ఎంపెగ్ ఏవీ" ఫోల్డర్‌లో డాట్ ఫైళ్లుంటాయి, వీఎల్‌సీలో ఆడతాయి. డీవీడీలో "వీడియో టీఎస్" ఫోల్డర్ మొత్తం కాపీ చేయాలి. గీతలు పడ్డ డిస్కుని మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా కాదు. క్యాసెట్‌కి బూజు కనిపిస్తే ఇంట్లో ఆడించకండి, టేపులు మార్చి ఇచ్చే స్టూడియోకి ఇవ్వండి. కాపీ ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మ చేతికి. కవరు మాత్రం పారేయకండి, అసలు ప్రతి అదే.