వార్తల్లో పదం: ఆశీలు

గోదావరి జిల్లాల వార్తల్లో ‘ఆశీలు పాట’ తరచూ కనిపిస్తుంది. సంతలో, స్టాండులో రుసుము వసూలు చేసుకునే హక్కును పంచాయతీ వేలం వేస్తుంది. పాడుకున్నవారు రసీదు పుస్తకంతో నిలబడతారు. మొగల్తూరు మండలంలోని పేరుపాలెం బీచ్‌కి కార్తీక మాసంలో వెళ్లేవారైనా సరే, బండి ఆపగానే ఎవరైనా రసీదు చింపితే ఒక తేడా గుర్తుంచుకోవాలి.

ఆశీలు రుసుమే, జరిమానా కాదు. రోడ్డుకు అడ్డంగా బండి పెడితే చలానా రాయాల్సింది పోలీసు, రవాణా అధికారులు. పార్కింగ్ స్థలాలను నిర్ణయించే అధికారాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 117వ సెక్షన్ ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు ఇచ్చింది. పాటదారుడికి కాదు. వేలంలో లేని చోట, రేటుకు మించి అడిగితే అది దౌర్జన్యమే.

అలాంటప్పుడు గొడవకు దిగొద్దు. రసీదు తీసుకోండి, రేట్ల బోర్డు ఫొటో తీయండి. పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి వేలం షరతుల నకలు అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. షరతు మీరారని తేలితే జిల్లా పంచాయతీ అధికారికి, సోమవారం కలెక్టరేట్ అర్జీల్లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

వసూలుదారులకు హద్దులుండటం ఇక్కడే కాదు. ఇంగ్లండులో ప్రైవేటు కంపెనీల పార్కింగ్ టికెట్లకు 2012లో వచ్చిన చట్టం కొంత బలమిచ్చింది. కానీ అక్కడా ప్రజాధనంతో నిర్వహించే రహదారిని ఆ చట్టం పరిధి నుంచి మినహాయించారు.