కరెంటు వచ్చినా లేవని కంప్యూటరు: ఎస్‌ఎంపీఎస్ పుట్టుపూర్వోత్తరాలు

ధర్మవరంలో పట్టుచీర అంచుకూ కొంగుకూ డిజైన్ గీసే కంప్యూటరుకైనా, రామగిరి మండలంలోని గ్రామ సచివాలయంలో దరఖాస్తులు ఎక్కించే కంప్యూటరుకైనా, హిందూపురం వీధిలోని నెట్ సెంటరు కంప్యూటరుకైనా, కరెంటు తీగ వచ్చి చేరే చోట ఒక ఇనుప రేకు పెట్టె ఉంటుంది. మరమ్మతు దుకాణాల్లో దీన్ని ఎస్‌ఎంపీఎస్ అంటారు. గోడ ప్లగ్గులో దొరికే 230 వోల్టుల ఏసీ విద్యుత్తును, అంటే సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటూ ప్రవహించే విద్యుత్తును తీసుకొని, కంప్యూటరు భాగాలకు కావలసిన 12, 5, 3.3 వోల్టుల డీసీగా, అంటే ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తుగా మార్చి ఇవ్వడం దీని పని. కరెంటు పోయి వచ్చిన తరువాత కంప్యూటరు లేవకపోతే మొదట అనుమానం వెళ్ళేది ఈ పెట్టె మీదికే. ఆ అనుమానం చాలాసార్లు సరైనదే అయినా, ఆపద వచ్చినప్పుడు తాను ఆగిపోయి మిగతా భాగాలను కాపాడటం కూడా దీని విధుల్లో ఒకటి కాబట్టి, అది ఆగిపోయిందా, చెడిపోయిందా అన్నది వేరుగా తేల్చుకోవాలి.

ఈ పెట్టె రాకముందు విద్యుత్తును మార్చే పని లీనియర్ పద్ధతిలో జరిగేది. బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గించేది, ఇంకా మిగిలిన అదనపు వోల్టేజీని ఒక ట్రాన్సిస్టర్ వేడిగా మార్చి వదిలేసేది. ఈ పద్ధతిలో తీసుకున్న విద్యుత్తులో చాలా భాగం వృథా అయ్యేది, పెట్టె బరువూ వేడీ తగ్గించడానికి దారి ఉండేది కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇనుము ఎంత ఉండాలన్నది విద్యుత్తు దిశ మారే వేగాన్ని బట్టి ఉంటుంది. ఆ వేగం పెరిగితే ఇనుము తగ్గించవచ్చు. ఈ సూత్రం ఆధారంగా వచ్చినదే స్విచింగ్ పద్ధతి. ఇందులో ముందుగా గోడ నుంచి వచ్చిన ఏసీని అలాగే డీసీగా మార్చి, దాన్ని ఒక ట్రాన్సిస్టర్ సెకనుకు కొన్ని పదుల వేల సార్లు తెంచుతూ కలుపుతూ, అరచేతిలో ఇమిడే ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతుంది. అధిక వోల్టేజీని అంత వేగంగా తెంచి కలపగల ట్రాన్సిస్టర్లు ఖరీదైనవిగా ఉన్నంత కాలం ఈ పద్ధతి ఎక్కువగా అంతరిక్ష, సైనిక పరికరాలకే పరిమితమైంది. 1970లలో వాటి ధర దిగివచ్చాక అమెరికాలో రాబర్ట్ బోషర్ట్ వంటివారు దీన్ని మామూలు పరికరాల్లోకి తెచ్చారు. 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటరుకు రాడ్ హోల్ట్ రూపొందించిన స్విచింగ్ పెట్టె, ఇంటి బల్ల మీద పెట్టుకొనే కంప్యూటరుకు ఈ పద్ధతి తగినదని చూపింది. 1981 నాటి ఐబీఎం పీసీలో ఈ పెట్టె శక్తి 63.5 వాట్లు మాత్రమే.

ఆ కాలపు కంప్యూటరులో స్విచ్చు ఆపితే గోడ నుంచి వచ్చే విద్యుత్తే తెగిపోయేది. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణంతో ఈ పరిస్థితి పూర్తిగా మారింది. అప్పటి నుంచి కంప్యూటరును ఆపినా, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ పెట్టెలోని ఒక చిన్న విభాగం 5 వోల్టులను మదర్‌బోర్డుకు పంపుతూనే ఉంటుంది. దీన్ని స్టాండ్‌బై అంటారు. ముందు భాగంలోని బటన్ నొక్కినప్పుడు మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగను నలుపు తీగతో, అంటే సున్నా వోల్టులతో కలుపుతుంది. అప్పుడు పెట్టెలోని ప్రధాన విభాగం మేలుకొంటుంది. వోల్టేజీలన్నీ నిలకడకు వచ్చాక, సెకనులో పదో వంతు నుంచి సగం వరకు గడిచేలోగా, బూడిదరంగు తీగ మీద అంతా సవ్యంగా ఉందన్న సంకేతం వెళుతుంది. ఆ సంకేతం అందేవరకు ప్రాసెసర్ పని మొదలుపెట్టదు. ఆధునిక కంప్యూటరు లేవకపోవడంలోని చిక్కుల్లో చాలావరకు ఈ చిన్న సంభాషణలో ఏ మాట తప్పిపోయిందన్న ప్రశ్న చుట్టూ తిరుగుతాయి.

కరెంటు పోయిన క్షణంలో పెట్టె లోపల ఏం జరుగుతుందో చూడాలి. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చినప్పుడు దాని శిఖర విలువ దాదాపు 325 వోల్టులు అవుతుంది. ఆ విద్యుత్తును బొటనవేలంత లావున్న స్తూపాకారపు కెపాసిటర్ నిల్వ చేసుకొంటుంది. సరఫరా తెగినా పూర్తి భారం మీద సుమారు 16, 17 మిల్లీసెకన్ల పాటు ఈ నిల్వే కంప్యూటరును నడపాలని ప్రమాణం చెబుతుంది. అంటే ఏసీ ఒక ఆవృత్తికి పట్టే 20 మిల్లీసెకన్ల కన్నా కొంచెం తక్కువ. ఆపై బూడిదరంగు తీగ సంకేతం పడిపోతుంది, ప్రాసెసర్ ఆగుతుంది. ఇందులో ఏ భాగానికీ హాని లేదు.

హాని జరిగే అవకాశం కరెంటు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువ. రామగిరి, పెనుకొండ ప్రాంతాల్లో వేరుశనగ, కూరగాయల పొలాలకు బోరు మోటార్లే ఆధారం కాబట్టి, ఫీడరు మీదికి సరఫరా రాగానే చాలా మోటార్లు ఒకేసారి లేస్తే వోల్టేజీ ముందు కుంగి, తరువాత ఎగసి, కొంతసేపటికి గాని కుదుటపడదు. ఇంతకన్నా ప్రమాదకరమైనది న్యూట్రల్ తెగడం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులూ ఒక న్యూట్రల్ తీగా బయలుదేరుతాయి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు ఉంటే, ఫేజుకూ ఫేజుకూ మధ్య 400 పైచిలుకు ఉంటాయి. గాలివానకు న్యూట్రల్ తెగితే వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్ళు ఒకదానితో ఒకటి వరుసగా కలిసిపోయి, వాడకం తక్కువగా ఉన్న ఇంటికి 230ని మించి, ఒక్కోసారి 400కు దగ్గరగా వోల్టేజీ చేరుతుంది. అప్పుడు పెట్టె ముఖద్వారంలో ఉండే వేరిస్టర్, అంటే వోల్టేజీ హద్దు మీరగానే దారి తెరిచి విద్యుత్తును తన గుండా మళ్ళించుకొనే బిళ్ళ, పగిలి నల్లబడుతుంది. పక్కనున్న గాజు ఫ్యూజు తెగుతుంది. ఎస్‌ఎంపీఎస్ ప్రాణం ఇచ్చి మదర్‌బోర్డును దక్కించడమంటే ఇదే. ఈ ప్రాంతపు పొడి నేలలో ఎర్తింగు కూడా త్వరగా బలహీనపడుతుంది. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోస్తూ ఉండే పాత అలవాటుకు కారణం అదే.

హై వోల్టేజీ ఏదీ రాకుండానే, నిన్నటి దాకా చక్కగా నడిచిన కంప్యూటరు గంటసేపు కరెంటు పోయి వచ్చేసరికి మూగబోవడం మరింత తరచుగా కనిపించే సంగతి. స్టాండ్‌బై విభాగం రేయింబవళ్ళు పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి అందులోని చిన్న కెపాసిటర్‌లోని ద్రవం వేడికి ఏళ్ళ తరబడి ఇంకిపోతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ ఈ రకం కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళలో ఇది చిన్న విషయం కాదు. వెచ్చగా ఉండి నడుస్తున్నంతసేపూ ఆ బలహీనత బయటపడదు, చల్లబడి మళ్ళీ మొదటి నుంచి లేవవలసి వచ్చినప్పుడే దానికి చేతకాదు. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ సంగతీ ఇంతే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం గడియారాన్నీ, కంప్యూటరు లేచేటప్పుడు చూసుకొనే అమరికలనూ స్టాండ్‌బై విద్యుత్తే నిలబెడుతుంది. బ్యాటరీ ఎప్పుడో అయిపోయినా ఎవరికీ తెలియదు. కరెంటు పోగానే తేదీ వెనక్కి పోతుంది, అమరికలు చెరిగిపోతాయి, ఏ డిస్కు నుంచి లేవాలో తెలియక కంప్యూటరు నల్లతెర మీద నిలబడిపోతుంది. అందువల్ల కరెంటు కోతను రోగకారణంగా కాక, ఉన్న రోగాన్ని బయటపెట్టిన పరీక్షగా చూడటమే ఎక్కువ సందర్భాల్లో న్యాయం.

పరీక్షించే క్రమం కూడా ఈ నిర్మాణాన్ని బట్టే సాగాలి. గోడ ప్లగ్గులో మరో దీపమో ఫోను చార్జరో పెట్టి చూసి, స్పైక్‌గార్డును పక్కనపెట్టి, పెట్టె వెనుక ఉన్న చిన్న స్విచ్చును గమనించాలి. తరువాత తీగ పూర్తిగా పీకేసి, ముందు బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టి, పది నిమిషాలు వదిలేయాలి. ఎక్కువ వోల్టేజీనో షార్టునో పసిగట్టిన పెట్టె తనను తాను తాళం వేసుకొంటుంది, లోపలి విద్యుత్తు పూర్తిగా దిగిపోయేవరకు ఆ తాళం ఊడదు; దుకాణానికి మోసుకుపోయేసరికి బాగైపోయిన కంప్యూటర్ల రహస్యం ఎక్కువగా ఇదే. అప్పటికీ ఏ దీపమూ వెలగకపోతే స్టాండ్‌బై గాని ఫ్యూజు గాని పోయి ఉండాలి. ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతే ఎక్కడో షార్టు ఉన్నట్టు. డిస్కులు, కార్డులు ఒక్కొక్కటిగా ఊడదీసి చూస్తే అది ఎక్కడుందో తెలుస్తుంది. ఫ్యాన్లు తిరుగుతూ తెర మీద ఏమీ రాకపోతే ర్యామ్ తీసి, దాని బంగారు అంచును రబ్బరుతో తుడిచి తిరిగి పెట్టడం మెకానిక్కులు మొదట చేసే పని, అది సరైన పనే. ఆకుపచ్చ, నలుపు తీగలను కలిపి ఎస్‌ఎంపీఎస్‌ను ఒంటరిగా లేపి చూసే పరీక్ష అది మేలుకొంటుందో లేదో మాత్రమే చెబుతుంది, భారం మోయగలదో లేదో చెప్పదు. ఈ పని తెలియనివారు ఎస్‌ఎంపీఎస్ రేకును మాత్రం విప్పకూడదు, ఎందుకంటే ప్లగ్గు తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు.

కరెంటు పోయినప్పుడు తీగ పీకేసి, సరఫరా తిరిగి వచ్చి కుదుటపడ్డాక, అంటే ఐదు నిమిషాల తరువాత పెట్టడం, ఖర్చు లేని జాగ్రత్త. అన్ని జాగ్రత్తల తరువాత కూడా పెట్టె కాలిపోతే గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. హార్డ్‌డిస్కులో కరెంటు పోయిన క్షణంలోనే, ఇంకా తిరుగుతున్న పళ్ళేల వేగం నుంచి పుట్టిన కొద్దిపాటి విద్యుత్తుతో చదివే సూది సురక్షిత స్థానానికి వెళ్ళిపోతుంది, కాబట్టి ఎస్‌ఎంపీఎస్ పోయినంత మాత్రాన చీరల డిజైన్లు, దరఖాస్తుల ఫైళ్ళు పోయినట్టు కాదు. ఆ డిస్కును మరో కంప్యూటరుకు తగిలించి ఫైళ్ళను తీసుకొనేవరకు, ఫార్మాట్ చేస్తామనే వారెవరికీ దాన్ని అప్పగించవద్దు.