ఏ గట్టు పిల్ల, ఏ జట్టు పిల్ల?

2023 జులై 25. న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ మ్యాచ్. స్టేడియమంతా ఆతిథ్య జట్టు అభిమానులే. ఇరవై నాలుగో నిమిషంలో ఫిలిప్పీన్స్ మిడ్‌ఫీల్డర్ సారా ఎగెస్విక్ గోల్ ముందుకు ఎత్తి వేసిన బంతిని సరీనా బోల్డెన్ తలతో వలలోకి పంపింది. ప్రపంచకప్‌లో ఫిలిప్పీన్స్‌కు అదే తొలి గోల్. మ్యాచ్ 1-0తో ముగిసింది కాబట్టి తొలి గెలుపు కూడా అదే.

సారా పుట్టి పెరిగింది నార్వేలో. ఆట నేర్చిందీ, క్లబ్బులకు ఆడిందీ అక్కడే. బోల్డెన్‌ది కాలిఫోర్నియా. ఆ జట్టులో సగానికి పైగా అమెరికాలో పుట్టినవాళ్లే. పరాయి దేశంలో స్థిరపడిన తమవాళ్లు రెండు పాస్‌పోర్టులూ ఉంచుకోవచ్చని ఫిలిప్పీన్స్ 2003లోనే చట్టం చేసుకుంది. ఎక్కడెక్కడో ఆట నేర్చిన ఆడపిల్లలు అమ్మమ్మల దేశం జెర్సీ వేసుకోగలిగింది ఇలాంటి వెసులుబాటు వల్లే.

ఆ జట్టుకు ప్రపంచకప్ బెర్తు దక్కిన చోటు మన పుణే. 2022 జనవరిలో ఆసియా కప్ మహారాష్ట్రలో జరిగింది. చైనీస్ తైపీని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఫిలిప్పీన్స్ ముందుకెళ్లింది. అదే టోర్నీలో ఆతిథ్య జట్టయిన భారత్ ఇరాన్‌తో ఒక్క మ్యాచ్ ఆడి 0-0గా ముగించింది. తర్వాత కోవిడ్ శిబిరమంతా పాకింది. రెండో మ్యాచ్‌కు పదమూడు మందిని కూడా నిలపలేక టోర్నీ నుంచే తప్పుకోవలసి వచ్చింది. ఏళ్ల తరబడి సిద్ధమైన అమ్మాయిలు హోటల్ గదుల్లో తలుపులేసుకుని కూర్చున్నారు. మన ఆటల చరిత్రలో అంత గుండె కోసే ఘట్టాలు తక్కువ.

మన దగ్గర సారా లాంటి క్రీడాకారిణి పుట్టే వీలు లేదు. స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం పోతుంది. 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ చెప్పేది ఇదే. 2005 తర్వాత విదేశాల్లోని భారత సంతతివారికి విరివిగా వచ్చిన ఓసీఐ కార్డుతో వీసా లేకుండా రావచ్చు, ఉండవచ్చు. ఓటు మాత్రం వేయలేరు. భారత జట్టులో ఆడలేరు కూడా. జాతీయ జట్టు భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకేనని 2008లో కేంద్ర క్రీడా శాఖ తేల్చేసింది. అందుకే జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాతా ఆ దేశపు పౌరసత్వం వదులుకుని 2012లో భారతీయుడయ్యాడు. 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకున్న ర్యాన్ విలియమ్స్‌దీ అదే దారి. ఇద్దరూ మగవాళ్లే. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో శనివారం పొద్దున్నే క్లబ్ మైదానంలో పరుగులు తీసే తెలుగింటి అమ్మాయికి అక్కడి పౌరసత్వం ఉంటే, దాన్ని వదిలితే తప్ప నీలి జెర్సీ అందదు. చదువూ ఉద్యోగమూ ఆ కాగితం మీదే ఆధారపడ్డ వయసులో ఎవరు వదులుకుంటారు?

ఆ తలుపు కొంచెమైనా తీయాలన్న వాదనలో న్యాయం ఉందనే నా నమ్మకం. అయితే ఆ వాదన వినిపించినప్పుడల్లా నా ధ్యాస డాలస్ కంటే ముందు మరైగూడ మీదికి పోతుంది.

మరైగూడ ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా ఊరు. బస్తర్ దక్షిణపు కొస. గట్టు దాటితే తెలంగాణ, పక్కనే ఆంధ్రలోని చింతూరు అడవులు. ఈ ప్రాంతంలో ఇంట్లో కోయ, దోర్లా మాటలు. సంతలో తెలుగు. బడిలో హిందీ. పెద్ద ఆస్పత్రికైనా, రాములవారి కల్యాణానికైనా భద్రాచలమే దగ్గర. ఇక్కడి పిల్లకు పుట్టుకతోనే రెండు మూడు భాషలు, రెండు వైపులా బంధువులు ఉంటారు. ఇంతటి చేరువ కాగితాల్లో కనబడదు.

2005లో మావోయిస్టులను ఎదుర్కొనే పేరుతో సల్వా జుడుం మొదలయ్యాక ఈ అడవుల నుంచి వేలాది కుటుంబాలు గోదావరి వైపు కదిలాయి. ఉమ్మడి ఖమ్మం జిల్లా అడవుల్లో గూడేలు వేసుకున్నాయి. గుత్తికోయలని ఇక్కడివాళ్లు పిలిచేది వీళ్లనే. సల్వా జుడుం పేరిట పౌరులకు తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. కదిలిన కుటుంబాల్లో చాలామటుకు తిరిగి వెళ్లలేదు. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రం వారీగా ఉంటుంది కాబట్టి అక్కడ గిరిజనులైనవాళ్లకు గట్టు దాటాక ఆ ధ్రువపత్రం దొరకడం లేదు. అడవిలోని గూడెంలో పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం తేవడమే పెద్ద పని.

ఫుట్‌బాల్ ఆడడానికి కాగితాలెందుకని అడగొచ్చు. వీధిలో ఆడితే అక్కర్లేదు. వయోపరిమితి ఉన్న పోటీలో దిగాలంటే పుట్టిన తేదీ రుజువు కావాలి. క్లబ్బులో నమోదుకు గుర్తింపు కావాలి. విదేశీ క్లబ్బు రమ్మంటే పాస్‌పోర్టు కావాలి. రెండు దేశాలున్న పిల్లకు ఏది ఎంచుకోవాలన్న చిక్కు. రెండు రాష్ట్రాల మధ్య ఉన్న పిల్లకు తనను ఎవరు లెక్కలో వేసుకుంటారన్న చిక్కు. వీటిలో రెండోది చాలా బరువైనదని నేనంటాను.

విదేశీ క్లబ్బు నుంచి పిలుపు రావడమన్నది ఊహ కాదు. గుగులోత్ సౌమ్యకు వచ్చింది. నిజామాబాద్ జిల్లాలోని లంబాడీ తండా పిల్ల. వింగర్. అంచు మీద నుంచి దూసుకొచ్చి డిఫెండర్‌ను ఒక భుజం మీదికి వంగేలా చేసి రెండో వైపు నుంచి దాటిపోయే ఆట ఆమెది. ముంబైలోని కెంక్రే క్లబ్బుకు ఆడింది, తర్వాత గోకులం కేరళకు. 2022 ఆగస్టులో గోకులం జట్టు ఆసియా క్లబ్ పోటీలకు తాష్కెంట్ చేరింది. సరిగ్గా అప్పుడే ఫిఫా భారత ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసింది. పాలకుల తగవుకు శిక్ష పడింది మైదానంలో దిగాల్సిన అమ్మాయిలకు. ఆడకుండానే వెనక్కి వచ్చారు.

అదే ఏడాది క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్ సౌమ్యతోనూ మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తోనూ ఒప్పందం చేసుకుంది. అప్పటికి యూరప్ క్లబ్బుల్లో ఆడిన భారతీయ అమ్మాయిలు వేళ్ల మీద లెక్కించేంత మందే. 2020లో స్కాట్లాండ్‌లోని రేంజర్స్‌కు వెళ్లిన బాలాదేవి, 2022లో సైప్రస్‌లోని అపోలోన్ తరఫున ఛాంపియన్స్ లీగ్ ఆడిన మనీషా కల్యాణ్, ఇంకొందరు. ఆ వరుసలోకి తెలంగాణ తండా చేరింది. ఈ సంగతి మన పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కవలసింది. లోపలి పేజీల్లో చిన్న పెట్టెలో ఒదిగిపోయింది.

తిరిగొచ్చాక సౌమ్య ఈస్ట్ బెంగాల్‌కు మారింది. 2024-25 సీజన్‌లో ఆ క్లబ్ ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. అదే సీజన్‌కు భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డు సౌమ్యకు దక్కింది. 2025 జులై 5న చియాంగ్ మాయిలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి భారత్ ఆసియా కప్‌కు అర్హత సాధించింది. క్వాలిఫయర్స్ గెలిచి ఆ పోటీలకు చేరడం మన అమ్మాయిలకు అదే మొదటిసారి. రెండు గోల్సూ మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్‌ఫోర్‌వి. పశ్చిమ బెంగాల్ పిల్ల. ఆ జట్టులో ప్రతి ఒక్కరి చేతిలో ఉన్నదీ ఒకే దేశపు పాస్‌పోర్టు. అంతకు మూడేళ్ల క్రితం సొంత గడ్డ మీద చేజారిన పోటీని వీళ్లు పరాయి గడ్డ మీద గెలిచి తెచ్చుకున్నారు.

మరైగూడ ఉన్న రాష్ట్రం నుంచే మరో పేరు ఉంది. కిరణ్ పిస్దా. ఛత్తీస్‌గఢ్‌లోని బాలోద్ జిల్లా అమ్మాయి. బాలోద్ బస్తర్ గుమ్మంలోనే ఉంది. 2022లో భారత జట్టులోకి వచ్చింది, తర్వాత తనూ డినామో జాగ్రెబ్‌కు ఆడింది. ఒకే క్లబ్బుకు ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు. మధ్యలో మిగిలిందల్లా ఈ అడవే.

ఇక్కడ ఆట లేదని కాదు. జగ్దల్‌పుర్ దగ్గర డిమ్రాపాల్‌లో ధర్మపాల్ సైనీ 1976లో మొదలుపెట్టిన ఆశ్రమ బడి ఆదివాసీ ఆడపిల్లలను అక్షరాలతో పాటు మైదానానికీ తెచ్చింది. 2024 చివర్లో బస్తర్ ఒలింపిక్స్ పేరుతో ఏడు జిల్లాల్లో పోటీలు పెట్టారు. వాటిలో ఫుట్‌బాల్ ఉంది, సుక్మా ఉంది. గట్టుకు ఇవతల భద్రాచలం ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలలున్నాయి. ఆ పోటీలు ఛత్తీస్‌గఢ్‌వి, ఈ బడులు తెలంగాణవి. మరైగూడలో తాతా ఇవతలి గూడెంలో అమ్మానాన్నా ఉన్న పిల్ల ఏ బడిలో చదివినా, ఏ పోటీలో గెలిచినా, రెండో వైపు ఆ ఫలితం చెల్లేలా రెండు రాష్ట్రాల గిరిజన సంక్షేమ శాఖలు ఒక ఒప్పందం రాసుకోవచ్చు. ఇందుకు పార్లమెంటు చట్టం మార్చనక్కర్లేదు. గూడేలకు వెళ్లి జనన ధ్రువపత్రాలు ఇచ్చే శిబిరాలు పెడితే అది ఇంకా మేలు. జాగ్రెబ్‌కు ఒప్పందం మీద వెళ్లేనాటికి సౌమ్యకు ఇరవై ఒకటో ఇరవై రెండో. కుటుంబాలు అడవి దాటిన ఆ తొలి నెలల్లో, దారి పక్కన పుట్టిన ఆడపిల్లలకు ఇప్పుడు దాదాపు అంతే వయసు.