ప్రక్కగాలిలో మోటారు సైకిలు

తెలుగు బడులు ఊరూర లేని ప్రాంతము మనది. బరంపురము చుట్టుప్రక్కల పల్లెలనుండి తండ్రులు తమ పిల్లలను తెలుగు చదువునకై మోటారు సైకిళ్లపై దూరపు బడులకు చేర్చుట మనము నిత్యము చూచుచునే యున్నాము. ఎండకు గొడుగు కలదు, వానకు కోటు కలదు. గాలికి మాత్రము దాని నడత తెలిసికొనియుండుట దక్క బండిపై పోవువానికి వేరు రక్షణ లేదు. విద్యార్థులారా! పదునెనిమిదేండ్లు నిండనివారు గేరుల బండి నడుపుట చట్టవిరుద్ధము. అయినను వెనుక కూర్చుండువారు మీరే గనుక ఈ వ్యాసమును మీకును, మీ తలిదండ్రులకును గూడ ఉద్దేశించి వ్రాయుచున్నాను.

మన భాషలో గాలికి పేర్లు పెక్కు గలవు: పిల్లగాలి, పైరగాలి, ఈదురుగాలి, సుడిగాలి, పెనుగాలి. బండి నడుపువాడు వీనిలో మిక్కిలి జాగ్రత్త వహింపవలసినది ఈదురుగాలి యెడల. పెనుగాలి వీచునాడు ఎవరును బయలుదేరరు. ఈదురుగాలి యట్లు గాక తెరలు తెరలుగా వచ్చును, ఆగును, మరల కొట్టును. ఒకే దిక్కునుండి ఒకే బలముతో వీచు గాలిని బండి చాలవరకు ఓర్చుకొనగలదు. ప్రమాదము గాలి హఠాత్తుగా హెచ్చుటలోను, అంతకంటె హఠాత్తుగా తగ్గుటలోను ఉన్నది.

దీనిని కొంచెము లెక్క వేసి చూతము. గంటకు 36 కిలోమీటర్ల వేగముగల గాలి తన కెదురుగా నున్న చదరపు మీటరు మేర మీద సుమారు 6 కిలోల బరువుతో నెట్టును. గాలి వేగము రెట్టింపై 72 కిలోమీటర్లయినచో ఆ నెట్టుడు 12 కిలోలు కాదు, 24 కిలోలు. వేగము రెట్టింపైనచో బలము నాలుగు రెట్లగును. బండి, దానిపై మనిషి కలిసి ప్రక్కనుండి చూచినపుడు ఇంచుమించు ఒక చదరపు మీటరు మేర గాలికి అడ్డుపడుదురు. ఇద్దరి బరువు 200 కిలోలనుకొన్నచో, ఆ 24 కిలోల నెట్టుడునకు సరితూగుటకై బండి గాలివైపునకు ఏడు డిగ్రీల వరకు వ్రాలి పోవలసియుండును. చూచువారికి అది వంకరగా తోచును గాని, గాలి నిలుకడగా నున్నంతవరకు అదియే సరియైన నడక. ఆ క్షణమున గాలి ఆగిపోయినచో ఏమగును? వ్రాలియున్న బండి వ్రాలినవైపునకే పోవును.

మన రహదారిమీద ఇది ఎక్కడ జరుగునో చెప్పెదను. 16వ జాతీయ రహదారిపై ఛత్రపురము దాటి, గంజాము వద్ద ఋషికుల్య వంతెన నెక్కి, రంభ వైపు పోవునపుడు సముద్రమును, పిమ్మట చిలికా సరస్సును మనకు కుడిచేతి వైపున నుండును. పగటివేళ సముద్రపు గాలి తిరిగినపుడు అది కుడినుండి తగులును. బండి కుడికి వ్రాలి నడచుచుండును. అపుడు ఒక పెద్ద లారీ కుడిప్రక్కగా మనలను దాటిపోవుచున్నదనుకొనుడు. లారీ గోడవలె గాలిని మూసివేయును. గాలి నెట్టుడు తీరిపోగా మన బండి లారీ వైపునకే జరుగును. లారీ ముందునకు సాగిపోగానే దాని వెనుకటి సుడితో గూడి గాలి మరల కొట్టి ఎడమకు త్రోయును. రెండు మూడు క్షణములలో రెండు వ్యతిరేకపు త్రోపులు! కావున అద్దములో లారీ కనబడినప్పుడే వేగము తగ్గించి, మన వరుసలో ఎడమవైపు కొంత చోటు మిగులునట్లు చూచుకొనుచు, లారీకి వీలైనంత దూరముగా నుండవలెను. మరీ రోడ్డు అంచునకు పోరాదు. రెండవ త్రోపునకు చోటు కావలెను గదా. చెట్ల వరుస ముగిసి వంతెన మొదలగుచోట, రెండు కొండల నడుమ సందు వచ్చుచోట గూడ ఇట్టిదే జరుగును.

ఇక చేతులు. గాలి కొట్టగానే భయముచే హ్యాండిలును బిగించి పట్టుట సహజము, కాని అదియే మొదటి పొరపాటు. గాలి మన మొండెమును ఊపును. చేతులు కర్రలవలె బిగిసియున్నచో ఆ ఊపంతయు హ్యాండిలునకు చేరి ముందుచక్రమును త్రిప్పును. మోకాళ్లతో టాంకీని అదిమి పట్టి, మోచేతులు వంచి, భుజములు వదులు చేసి, కొంచెము ముందునకు వంగవలెను. గాలి కుడినుండి వచ్చినపుడు హ్యాండిలు కుడి పిడిని మెల్లగా ముందునకు నొక్కినచో బండి కుడికి వ్రాలును. ఇది వినుటకు తలక్రిందుగా తోచును గాని సైకిలు త్రొక్కువారందరును తెలియకయే చేయుపని ఇదే. గాలి తెర తగిలినపుడు ముందు బ్రేకును గట్టిగా పట్టరాదు. మెల్లగా వేగము తగ్గించుటయే మేలు. గాలి హెచ్చుగా నున్ననాడు గంటకు 40 కిలోమీటర్లు మించకుండుట మంచిదని నా అభిప్రాయము. మరీ నత్తనడకగా పోయినచో బండి నిలుకడ తప్పును.

వెనుక కూర్చుండువారు నడుపువానికి దగ్గరగా కూర్చుండి, అతడు ఎటు వ్రాలిన అటే వ్రాలవలెను. జడిసి ఎదురువైపునకు ఒరగరాదు. పుస్తకాల సంచి రెండు భుజములకును ఉండవలెను. ఒక ప్రక్కకు వ్రేలాడు సంచి తెరచాపవలె గాలి పట్టును. తల్లులు కొంగును నడుమునకు దోపుకొనవలెను, ఆడపిల్లలు చున్నీని ముడివేసికొనవలెను. బండిమీద గొడుగు విప్పుట ఎంత తెలివితక్కువ పనియో వేరుగ చెప్పనక్కరలేదు. అయినను ప్రతి వానకాలమును చూచుచున్నాము. నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని హెల్మెట్టు ఉండవలెనని 2019లో సవరించిన చట్టము చెప్పుచున్నది. దాని పట్టీ బిగింపనిచో గాలికి అది వెనుకకు లేచి మెడనే లాగును.

అసలు ఎప్పుడు బయలుదేరరాదు? 1805లో ఫ్రాన్సిస్ బోఫర్టు అను బ్రిటిషు నౌకాధికారి గాలిబలమునకు ఒక కొలత ఏర్పరచెను. తరువాత అది నేలమీది గుర్తులకును అన్వయింపబడినది. చిన్నచెట్లు ఊగుచున్నచో 5వ మెట్టు, అనగా గంటకు 29 మొదలు 38 కిలోమీటర్లు. పెద్ద కొమ్మలు కదలుచు, తీగలు ఈల వేయుచు, గొడుగు నిలువనిచో 6వ మెట్టు. చెట్టు చెట్టంతయు ఊగుచు, గాలికెదురు నడచుట కష్టమైనచో 7వ మెట్టు, 50 కిలోమీటర్లకు పైన. అయిదవ మెట్టులో జాగ్రత్తగా పోవచ్చును. ఆరవ మెట్టులో వెనుక పిల్లలను ఎక్కించుకొనరాదు. ఏడవ మెట్టులో బండి తీయనే రాదు. అట్టి దినమున ఆలస్యముగ వచ్చిన పిల్లవానిని నా తరగతిలో నిలువబెట్టను.

వేసవిలో ఒడియావారు కాళవైశాఖి అని పిలుచు గాలివాన వేరు తీరుది. ఉక్కపోసిన మధ్యాహ్నము వాయవ్యమున నల్లని మబ్బు లేచి, గాలి స్తంభించి, ఒక్కసారి చల్లని గాలి కొట్టును. సముద్రపు గాలికై కుడికి వ్రాలి నడచువానికి ఇది ఎడమనుండి, కొండల దిక్కునుండి తగులును. మబ్బు లేచినప్పుడే ఆగవలెను. ఆగుటకు చెట్టునీడ, రేకుల పాక, ప్రకటనల పలక తగవు. 2024 మే 13న ముంబయిలోని ఘాట్కోపర్ లో గాలివానకు పెద్ద ప్రకటన పలక పెట్రోలు బంకుపై కూలి పలువురు మరణించిరి. పక్కా కట్టడమునే వెదకుకొనవలెను.

తుపాను మాట యనగా, 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురము వద్ద తీరము దాటిన ఫైలినును మన తలిదండ్రులు మరువలేదు. గంటకు సుమారు 200 కిలోమీటర్ల గాలి. పై లెక్క ప్రకారము చదరపు మీటరునకు 180 కిలోలకు పైబడిన నెట్టుడు, అనగా ఇంచుమించు మనిషితో కూడిన బండి బరువంత. తుపాను కన్ను మీదుగా పోవునపుడు గాలి కొంతసేపు ఆగును. తగ్గినదని బండి తీసినవానికి కొద్దిసేపటికే ఎదురు దిక్కునుండి అదే గాలి తగులును.

చివరగా, బండి నిలుపుట. ప్రక్క స్టాండుపై బండి ఎడమకు వ్రాలి నిలుచును. గాలి కుడివైపునుండి తగులునట్లు నిలిపినచో అది బండిని స్టాండుమీదికే నొక్కును. ఎడమనుండి తగిలినచో పైకెత్తి కుడికి పడవేయును. మొదటి గేరులో ఉంచినచో ముందువెనుకలకు దొరలదు. స్టాండు క్రింద ఇసుక ఉన్నచో ఒక చదునురాయి పెట్టవలెను.