భూతదయకు వెల

సంక్రాంతి మరునాడు కనుమ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పల్లెలలో అది పశువుల పండుగ. ఆనాడు ఇంటింట రోలు మ్రోగుతుంది. అడవి నుండి తెచ్చిన చెట్ల చెక్కలు, వేళ్ళు, ఆకులు ఉప్పుతో చేర్చి మెత్తగా దంచుతారు. దీనికి ఉప్పుచెక్క అని పేరు. పశువులు దీనిని తమంత తాము నోట పెట్టవు. ఒకరు మూతి పైకెత్తి పట్టుకొంటే మరొకరు గుప్పెడు పొడి గొంతులో వేస్తారు. ఏడాది పొడుగున కడుపులో చేరిన రోగాలు దీనితో పోతాయని పల్లెవాసుల నమ్మకం. ఆ తరువాతనే స్నానాలు, కొమ్ములకు రంగులు, మెడకు పూలదండలు, కాటమరాజుకు పొంగళ్ళు.

పూలదండలో కంటె ఆ చేదు మందులోనే భూతదయ ఎక్కువగా ఉన్నది. దండ వేసినవాడు పశువును చూచి తాను ఆనందించాడు. మందు వేసినవాడు పశువుకు ఏది అవసరమో ఆలోచించాడు. దానికొఱకు అడవికి నడిచాడు, రోట దంచాడు. దయ అన్నది మనస్సులో పుట్టే మెత్తదనం మాత్రమే కాదు. దానికి ఒక వెల ఉన్నది. ఆ వెలను ఎవరు చెల్లిస్తున్నారో చూస్తేనే అది నిజమైన దయయో, ఉత్త మాటయో తేలుతుంది. ఈ మూడు ఊళ్ళూ ఆ సంగతినే మూడు విధాలుగా చెబుతున్నవి.

మొదటిది మదనపల్లె. దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీబిసెంటు 1915లో ఇచ్చట కళాశాలను నెలకొల్పారు. సర్వజీవులయెడ కరుణ ఆ సమాజం ఆదినుండి బోధించిన విషయాలలో ఒకటి. ఈ పట్టణంలోనే 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి జీవితాంతం మాంసం ముట్టలేదు. ఆయన స్థాపించిన ఋషివాలీ విద్యాలయం పట్టణానికి కొద్ది దూరంలో, కొండల నడుమ ఉన్నది. ఒకప్పుడు ఆ కొండవాలులు బోడివై, వానకు మట్టి కొట్టుకొనిపోతూ ఉండేవి. విద్యాలయంవారు ఏళ్ళ తరబడి చెట్లు నాటారు, వాననీటిని నిలిపారు. నీడ పెరిగిన కొలది పక్షులు పెరిగినవి. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ స్థలంగా ప్రకటించారు. రెండువందలకు పైగా పక్షిజాతులను అచ్చట గుర్తించారు. దక్షిణ భారతంలోని రాతికొండలలో తప్ప ప్రపంచంలో మరెచ్చటా కానరాని పసుపుగొంతు పిగిలిపిట్ట వానిలో ఒకటి.

ఈ పక్షులను ఎవరూ పట్టి తేలేదు. వానికి కావలసిన చోటు ఇచ్చారు, అవే వచ్చినవి. పంజరంలోని చిలుకకు దినదినం జామపండు పెట్టేవాడు తాను దయ చూపుతున్నానని అనుకొంటాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో ఆ పంజరమే నేరం. చిలుకకు కావలసినది పండు కాదు, పండు ఉన్న చెట్టు. చెట్టును పెంచడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఓర్పే దాని వెల.

ఇదే దివ్యజ్ఞాన సమాజ వాతావరణంలో పెరిగిన రుక్మిణీదేవి అరండేల్ ఈ దయను చట్టంగా మార్చడానికి పూనుకొన్నారు. భరతనాట్యానికి గౌరవం తెచ్చిన కళామూర్తిగానే ఆమె పేరు లోకానికి తెలుసు. 1952లో రాజ్యసభకు నియమితురాలైన పిమ్మట ఆమె జంతుహింసా నివారణ బిల్లును స్వయంగా ప్రవేశపెట్టారు. ప్రభుత్వమే అట్టి చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇచ్చిన మీదట దానిని ఉపసంహరించుకొన్నారు. 1960లో ఆ చట్టం వచ్చినది. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు.

ఆ చట్టం క్రింద 1965లో చేసిన నియమాలు ఎంతో సామాన్యమైన విషయాలను పట్టించుకొన్నవి. బండి ఎద్దును దినానికి మొత్తం 9 గంటలకు మించి పనిచేయించరాదు. విశ్రాంతి లేకుండా 5 గంటలకు మించి నడిపించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు కాడి కట్టరాదు. ములుకోలతో పొడవరాదు. ఈ నియమాలలో కవిత్వం లేదు. అయితే బాడుగ బండివాడు ఎండపూట మూడు గంటలు ఎద్దులను చెట్టునీడన నిలిపితే ఆనాటి రాబడిలో కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలే అతని దయకు వెల. సరుకు వేయించిన వర్తకుడు తొందరపెట్టకుండా ఆ మూడు గంటలు ఆగితే, అతడూ ఆ వెలలో తన పాలు చెల్లించినవాడౌతాడు.

రెండవది పుంగనూరు. ఆ పేరు వినగానే పొట్టి ఆవు గుర్తుకు వస్తుంది. దాని ఎత్తు 70 నుండి 90 సెంటీమీటర్లు. తూకం 115 నుండి 200 కిలోలు. మామూలు ఆవుపాలలో వెన్న 3 నుండి 5 శాతం ఉంటే దీని పాలలో 8 శాతం వరకు ఉంటుందని చెబుతారు. కొద్దిపాటి మేతతో, కరువు సీమలో కూడ బ్రతుకగలదు. ఇన్ని గుణాలున్న జాతి దాదాపు అంతరించే స్థితికి వచ్చినది. ఎవరో కొట్టి చంపినందువలన కాదు. లీటర్ల లెక్క ముందు అది నిలువలేకపోయినది. పాల దిగుబడి కొఱకు జెర్సీ, హోల్‌స్టీన్ జాతులతో సంకరం చేయించిన కొలది అసలు జాతి తగ్గిపోయినది. పలమనేరులోని పశుపరిశోధనా కేంద్రం ఒక మందను నిలుపుకొని వచ్చినందువలననే బీజం మిగిలినది. తక్కువ పాలిచ్చే ఆవును ఎవరో ఒకరు అన్నేళ్ళు మేపవలసి వచ్చినది. ఈ జాతి బ్రతికి ఉండడానికి అదే వెల.

ఇప్పుడు గాలి తిరిగినది. 2024 సంక్రాంతి సందర్భంగా ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న చిత్రాలు దేశమంతటా ప్రచారమైనవి. పొట్టి ఆవు కొఱకు ధనికులు లక్షలు పెట్టడానికి ముందుకు వస్తున్నారు. జాతికి ఇది మేలే కావచ్చు. అయితే ఆవు బొమ్మ కాదు. దానికి తోటి పశువుల తోడు కావలె, నడవడానికి నేల కావలె, ఎండ కావలె. నున్నని బండలు పరచిన మేడగదిలో ఒంటరిగా నిలబెట్టి ముద్దులాడితే సంతోషించేది యజమానియే గాని ఆవు కాదు. నిన్న పాలు చాలవని వదలినవాడు, నేడు ముద్దుగా ఉన్నదని కొన్నవాడు, ఇద్దరూ తమ అవసరాన్ని చూచుకొన్నవారే. దానికి ఏది కావలెనో అడిగినవాడే దయగలవాడు.

మూడవది, అన్నిటికంటె కఠినమైనది, కుప్పం. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులను తాకి ఉన్న సీమ ఇది. సుమారు రెండు శతాబ్దాలుగా ఆంధ్రదేశంలో కానరాని అడవి ఏనుగులు 1980 ప్రాంతాలలో పొరుగు అడవుల నుండి ఇచ్చటికి తరలి వచ్చినవి. వాని కొఱకే 1990లో సుమారు 358 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యం ఏర్పడినది. పెరిగిన ఏనుగు దినానికి నూటయాభై కిలోల మేత మేస్తుంది. అడవిలో మేత, నీరు తగ్గినప్పుడు అంచునే ఉన్న చెరకు, వరి, అరటి దానికి కనిపిస్తవి. అప్పుచేసి పెట్టిన పైరు ఒక్క రాత్రిలో పోతుంది. మంచెమీద కావలి ఉన్న రైతు డప్పు కొడతాడు, టపాకాయలు కాలుస్తాడు. ఒక్కొక్కప్పుడు అతని ప్రాణమే పోతుంది.

ఇట్టి చోట కొందరు తెగించి చేనిచుట్టూ తీగకు కరెంటు తగిలిస్తారు. సూర్యశక్తి కంచెలో విద్యుత్తు క్షణకాలపు తాకిడిగా వచ్చి ఆగుతుంది. జంతువు బెదిరి వెనుదిరుగుతుంది. స్తంభం నుండి నేరుగా లాగిన కరెంటు ఆగదు, తాకినదానిని విడువదు. దానికి ఏనుగులు బలియైనవి. ఏనుగూ మనిషీ అన్న భేదం ఆ తీగకు తెలియదు. అట్లు తీగ కట్టడం నేరమే; క్రూరమే. కాని పట్నంలో పత్రిక చదివి, చచ్చిన ఏనుగు చిత్రానికి కన్నీరు పెట్టి, రైతును తిట్టి ఊరుకొన్నవాడు ఆ దయకు ఏమి చెల్లించాడు? ఏనుగు బ్రతకాలని కోరుకొన్నది దేశమంతా. అందుకు వెల చెల్లిస్తున్నది అడవి అంచున రెండెకరాల రైతు ఒక్కడు. పంట పోయినవానికి తగిన పరిహారం తడవు లేకుండా అందడం, సురక్షితమైన కంచె, అడవిలో నీటి వసతి, ఇవన్నీ కూడ భూతదయలో భాగాలే. 2025లో కర్ణాటక ప్రభుత్వం, అడవి ఏనుగులను వెనుకకు మళ్ళించే శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించినది. వాని శిబిరం పలమనేరు ప్రాంతంలో ఉన్నది. వెలను ఊరంతా పంచుకొనే మార్గాలలో అది ఒకటి. పొరుగువాని చేనుమీద చూపిన దయ దయ కాదు.

1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధులలో జీవులయెడ కరుణ కూడ ఒకటి. విద్యార్థులు దానిని పరీక్ష కొఱకు వల్లిస్తారు. దానికి పాఠశాలలోనే ఒక చిన్న అభ్యాసం ఉన్నది. ఎండకాలంలో ఆవరణలోని చెట్టుక్రింద ఒక మట్టితొట్టి పెట్టి నీరు నింపడం ఎవరైనా ఒకనాడు చేస్తారు. ఫోటో కూడ తీయించుకొంటారు. దినదినం పాచి కడిగి క్రొత్తనీరు పోయడమే కష్టం. సెలవులలో ఆ పని ఎవరిదన్నది మరీ కష్టమైన ప్రశ్న. ఉపాధ్యాయుడు తరగతిలో అడుగవలసినది ఆ ప్రశ్ననే. ఒక పిల్లవాడు చేయి ఎత్తి, సెలవులలో తాను వచ్చి పోస్తానంటే, భూతదయ పాఠం అతనికి వచ్చినట్లే. కనుమ ఏడాదికి ఒకసారి వస్తుంది. దాహం ప్రతిదినం వస్తుంది.