పంపుసెట్టు స్టార్టరు పెట్టె - శుభ్రత, భద్రత

పంపుసెట్టు గల రైతు మోటారును, పైపులను శ్రద్ధగా చూచుకొనును. కాని ఆ మోటారును నడుపు స్టార్టరు పెట్టెను అది పాడైన నాడే తెరచి చూచును. దుమ్ము, తేమ, వదులైన మరలు - ఈ మూడింటివలన మోటార్లు కాలిపోవుచున్నవి. శుభ్రము చేయుటకు పోయి, తగిన జాగ్రత్త లేక ప్రాణములు పోగొట్టుకొనుట అంతకంటె పెద్ద నష్టము. కావున మొదట భద్రతను గూర్చి తెలిసికొనవలెను.

ముందుగా కరెంటు ఆపుట

స్టార్టరుపై ఎర్ర మీట నొక్కినచో మోటారు ఆగును. కాని పెట్టెలోనికి వచ్చు మూడు తీగలలో 415 వోల్టుల కరెంటు అట్లే యుండును. ఈ సంగతి మరువరాదు. కరెంటు పోయిన సమయమున పెట్టె తెరచుటయు ప్రమాదమే. అది ఏ క్షణమందైనను తిరిగి రావచ్చును. ఆటో స్టార్టరు ఉన్నచో మనిషి ప్రమేయము లేకయే మోటారు తిరుగును.

కావున పెట్టె తెరచుటకు ముందు మెయిన్ స్విచ్చి దించి, దాని ఫ్యూజు పట్టీలు మూడింటిని తీసి మీ జేబులో వేసికొనవలెను. అప్పుడు వేరొకరు తెలియక స్విచ్చి వేసినను కరెంటు రాదు. తరువాత టెస్టరుతో మూడు తీగలను వేరువేరుగా చూడవలెను. టెస్టరు పనిచేయుచున్నదో లేదో కరెంటున్న మరియొక చోట ముందే చూచుకొనుట మంచిది. కెపాసిటరు ఉన్నచో కరెంటు ఆపిన పిదపకూడ దానిలో కొంత నిలువయుండును. అయిదు నిమిషములు ఆగి పని మొదలుపెట్టవలెను. తడి చేతులతోను, తడి నేలపై వట్టి కాళ్లతోను ఈ పని చేయరాదు.

ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజు పోయినచో లైన్‌మన్‌ను పిలువవలెను. అది రైతు చేయదగిన పని కాదు.

శుభ్రము చేయు విధము

పెట్టెలోని దుమ్మును, సాలెగూళ్లను, చీమల మట్టిని పొడి కుంచెతో దులుపవలెను. నోటితో ఊదినచో తేమ చేరును. తడిగుడ్డ, కిరోసిను, పెట్రోలు వాడరాదు. బల్లులు, ఎలుకలు తీగల మధ్య పడి చచ్చినచో ఫేజులు కలిసి మంట లేచును. కావున తీగలు వచ్చు రంధ్రములను రబ్బరు బిరడాలతో మూయవలెను. గుడ్డ పేలికలు, గడ్డి కుక్కరాదు. అవి తేమ పట్టును, నిప్పు అంటుకొనును. తలుపు అంచున గల రబ్బరు పట్టీ చిరిగినచో మార్చవలెను.

తీగ కొన నల్లబడినను, పైతొడుగు గట్టిపడినను, కాలిన వాసన వచ్చినను అక్కడ మర వదులైనదని గ్రహింపవలెను. వదులైన చోట వేడి పుట్టును. వేడివలన మర ఇంకను వదులగును. అల్యూమినియము తీగలకు లగ్గులు వేయించి గట్టిగా బిగింపవలెను.

కాంటాక్టుల వెండి బిళ్లలు నల్లబడుట దోషము కాదు. వానిని ఆకురాయితో రుద్దినచో వెండి అరిగిపోవును. గుంటలు పడినచో క్రొత్తవి వేయింపవలెను.

మోటారును కాపాడు రిలే

స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే మోటారుకు కాపలాదారు. 5 హార్స్‌పవరు మోటారు సుమారు 7.5 ఆంపియర్లు తీసికొనును. మీ మోటారు బిళ్లపై వ్రాసిన అంకె సరియైనది. నేరుగా మోటారును నడుపు స్టార్టరులో రిలేను ఆ అంకెకే అమర్చవలెను. మాటిమాటికి మోటారు ఆగుచున్నదని కొందరు రిలేను పెంచుదురు, లేదా తప్పించి తీగ కలుపుదురు. అది కుక్క అరచుచున్నదని కట్టివేసి దొంగకు తలుపు తీయుట వంటిది. ఒక ఫేజు పోయినను, వోల్టేజి తగ్గినను, పంపులో ఇసుక పట్టినను రిలే పడును. కారణము వెదకి సరిచేసిన తరువాతనే మోటారు వేయవలెను.

నడుచుచున్న మోటారుకు ఒక ఫేజు పోయినచో, బరువు తగ్గనిచో, మిగిలిన తీగలలో కరెంటు సుమారు 1.7 రెట్లగును. కొద్దిసేపటికే చుట్లు కాలును. ఫేజు పోయినచో మోటారును ఆపు ప్రివెంటరు వేయించుట లాభకరము. ఫ్యూజులో తగిన తీగయే వేయవలెను. లావు రాగి తీగ వేసినచో ఫ్యూజుకు బదులు మోటారే కాలును.

ఎర్తు

ఇనుప పెట్టెకు, మోటారుకు ఎర్తు తీగ తప్పక ఉండవలెను. 2.5 మీటర్ల ఇనుప పైపును భూమిలో పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా వేయింపవలెను. వేసవిలో ఆ గుంటలో నీరు పోయుచుండవలెను. ఎండిన నేల కరెంటును సరిగా లాగజాలదు. పెట్టెను ముట్టినప్పుడు జిమ్మనినచో వెంటనే వాడుక మాని వైర్‌మన్‌కు చూపవలెను.

ఎప్పుడు చూడవలెను?

నెలకొకసారి పెట్టెను పైనుండి చూడవలెను. తొలకరికి ముందొకసారి, వానలు వెళ్లిన తరువాత మరియొకసారి లోపల శుభ్రము చేయవలెను. మరలు బిగించుటకు నేర్పుగల వైర్‌మన్ సహాయము తీసికొనవలెను. ఎవరికైనను షాకు తగిలినచో వారిని ముట్టక మొదట మెయిన్ స్విచ్చి దింపవలెను. స్విచ్చి అందనిచో ఎండిన కర్రతో తీగను తప్పించి, వెంటనే 108 కు ఫోను చేయవలెను. ఈ సంగతులు ఇంటిల్లిపాదికి, పాలేరుకు కూడ తెలుపుడు.