రోడ్డు మరమ్మతులలో పాదచారుల మాట



మన ఊరి రోడ్డుకు తారు వేయుదురన్న వార్త విని సంతసింపని వాడుండడు. బండి సుఖముగా సాగును. ధాన్యము వేళకు మార్కెట్టు చేరును. కాని ఆ రోడ్డు మీదనే పాలక్యాను తగిలించుకొని సైకిలుపై పోవువారును, బడికి నడచు పిల్లలును, నాట్లకు పోవు ఆడుకూలీలును కలరు. వారి మాట అంచనాలో చేరుచున్నదా?

2022వ సంవత్సరమున మన దేశమునందు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది పాదచారులు. అనగా రమారమి అయిదుగురిలో ఒకరు.

పల్లె రోడ్డున తారు వెడల్పు సాధారణముగా 3.75 మీటర్లు. ఎదురుగా లారీ వచ్చినచో సైకిలువాడు ప్రక్కమట్టి మీదికి దిగక తప్పదు. మరమ్మతు చేసినప్పుడెల్ల క్రొత్త పొర పడి తారు ఎత్తగును; ప్రక్కమట్టి వానలకు కోసికొనిపోయి పల్లమగును. కొన్నియేండ్లకు తారు అంచు మెట్టువలె నిలుచును. చీకటిలో చక్రము ఆ మెట్టు దిగినచో మనిషి పడును. పైగా నునుపైన రోడ్డుపై వాహనముల వేగము హెచ్చును.

దీనికి పెద్ద పథకమక్కరలేదు. తారు వేయు దినములలోనే ప్రక్కలకు గ్రావెలు పోసి, రోలరుతో తారు మట్టమునకు అణచవలెను. అంచులకు తెల్లగీతలు, బడి యొద్ద స్పీడుబ్రేకరు, దానిని ముందుగా తెలుపు పలక, కల్వర్టులకు పిట్టగోడలు, మలుపులలో ముండ్లకంప నరకుట, ఇవన్నియు అప్పుడు స్వల్ప వ్యయముతో తీరును. కాంట్రాక్టరు వెడలిన పిదప వీనికే మరల అంచనా, మరల టెండరు కావలెను. ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన రోడ్లకు వేసిన కాంట్రాక్టరే 5 సంవత్సరములు సంరక్షణ చేయవలెనను నియమము కలదు. ప్రక్కమట్టి సరిచేయుటయు అందు చేరినదే. దానిని అడుగుట మన హక్కు.

మన తప్పును గూడ చెప్పుకొనవలెను. సగము రోడ్డుపై ధాన్యము ఆరబోసి, చుట్టును రాళ్లు పేర్చి, రాత్రియు అట్లే విడుచువారు మనలోనే యున్నారు. ఆ రాళ్లకు తగిలి పడువాడు మన పొరుగువాడే. కావున ఊరుమ్మడి కల్లము కొఱకు సంఘము పూనుకొనవలెను.

అంచనా వ్రాయక మునుపే సంఘమున తీర్మానము చేసి, పంచాయతీ ద్వారా ఇంజనీరునకు అందజేయుడు. రోడ్డు ఎచ్చట కోసికొనిపోయినదో, పిల్లలు ఎచ్చట దాటుదురో ఆయనను వెంటబెట్టుకొని చూపుడు. పొలమునకు పోయినవారు క్షేమముగా ఇల్లు చేరుట కంటె మనకు కావలసినదేమి?